డయాలసిస్ ఉచితమే, మరి ఖర్చెక్కడ?

శ్రీకాకుళం జిల్లా పలాసలోనో, టెక్కలిలోనో ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునే రోగి యంత్రానికి పైసా కట్టడు. సూదులకు, గొట్టాలకు, రక్తాన్ని శుభ్రం చేసే డయలైజరుకు కూడా బిల్లు రాదు. పైగా 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. ఇంత ఉన్నా ఈ జిల్లా తీరంలోని ఉద్దానంలో కిడ్నీ జబ్బు వచ్చిన ఇల్లు అప్పుల్లో పడుతూనే ఉంది. చికిత్స ఉచితమైన చోట డబ్బు ఎక్కడికి పోతోంది?

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చెప్పే పరీక్ష చిన్న ల్యాబులో కూడా వంద, రెండు వందల్లో అయిపోతుంది. సోంపేట, కవిటి వైపు పల్లెల్లో "నీ క్రియాటిన్ ఎంతుంది?" అని ఒకరినొకరు అడగడం మామూలు మాట. అలాంటి చోట కూడా జబ్బు బయటపడేసరికి చాలామందికి కిడ్నీలు సగానికి పైగా పాడై ఉంటాయి. చవకైన పరీక్ష చేతిలో ఉండగా ఖరీదైన చికిత్స దాకా ఎందుకు పోవాల్సి వస్తోంది?

వైద్య పరికరం చవకగా తయారవడం ఒక ఎత్తు, అది చవకగా మనిషికి అందడం ఇంకో ఎత్తు. ఈ రెండింటి మధ్య నీళ్లు, కరెంటు, టెక్నీషియన్, లైసెన్సు, టెండరు, బస్సు చార్జీ వరస కట్టి నిలబడి ఉంటాయి. పేద దేశాల్లో చవక పరికరాల కథలు చాలావరకు ఈ వరసలోనే ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. ఎక్కడ ఆగుతాయో చూడడానికి ఉద్దానం కంటే మంచి చోటు దొరకదు.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఈ ఏడు మండలాల తీర ప్రాంతమే ఉద్దానం. ఇక్కడి 67 గ్రామాల్లో 2,400 మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2020లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు కిడ్నీలు పాడవడం ఎక్కడైనా జరిగేదే. ఇక్కడ ఆ రెండూ లేనివాళ్లకూ పాడవుతున్నాయి. ఎండలో పని, తాగే నీరు, పురుగు మందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఇలా అనుమానితుల జాబితా పెద్దదే, నేరం రుజువైంది మాత్రం దేని మీదా లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. కారణం తెలియనప్పుడు నివారణ గుడ్డిదెబ్బే. అందుకని బరువంతా రెండు సాధనాల మీద పడుతుంది: జబ్బును ముందే పట్టుకునే పరీక్ష, చివర్లో ప్రాణం నిలిపే యంత్రం.

ఎండుచేపలో ఉప్పు పోయే తీరు

యంత్రం సంగతి ముందు చూద్దాం. బారువ తీరంలో ఉప్పుచేప కూర వండే ఇల్లాలు ముందుగా చేపను నీళ్లలో నానబెడుతుంది. కాసేపటికి నీళ్లు ఉప్పనవుతాయి. ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోస్తుంది. రెండు మూడుసార్లు ఇలా చేస్తే చేప తినడానికి పనికొస్తుంది. ఉప్పు తను ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు దానంతట అదే వెళ్లిపోతుంది, చేప ముక్క మాత్రం ఎక్కడికీ పోదు. నీళ్లు ఉప్పనైపోయాక ఆ ప్రయాణం ఆగిపోతుంది, అందుకే నీళ్లు మార్చాలి.

డయాలసిస్ చేసే పని అచ్చంగా ఇదే. మూరెడు పొడవు కూడా లేని డయలైజరు లోపల వెంట్రుకంత సన్నని గొట్టాలు దాదాపు పది వేలు ఉంటాయి. గొట్టాల లోపల రోగి రక్తం ఒక దిక్కుకు పారుతుంది, గొట్టాల బయట శుద్ధమైన ద్రావణం ఎదురు దిక్కుకు పారుతుంది. గొట్టం గోడలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. యూరియా, క్రియాటినిన్, పొటాషియం లాంటి చిన్న అణువులు వాటిలోంచి ద్రావణంలోకి దాటుకుంటాయి. రక్తకణాలు, ప్రొటీన్లు పెద్దవి కాబట్టి దాటలేవు. ద్రావణం ఎప్పటికప్పుడు కొత్తది వస్తూనే ఉంటుంది కనుక మలినాల ప్రయాణం ఆగదు.

ఇక్కడ వంటింటికి, ఆసుపత్రికి ఒక తేడా ఉంది. రక్తాన్ని వట్టి నీళ్ల పక్కన పారిస్తే మలినాలతో పాటు ఒంటికి కావలసిన లవణాలు కూడా కొట్టుకుపోతాయి. అందుకని ద్రావణంలో సోడియం, కాల్షియం, బైకార్బొనేటు లాంటివి సరైన పాళ్లలో ముందే కలిపి ఉంచుతారు. ఆ పాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో యంత్రం క్షణక్షణం కొలుస్తుంది. వేడి, ఒత్తిడి, గాలి బుడగలు, రక్తం కారడం లాంటివాటి మీద కూడా అదే కాపలా కాస్తుంది. ఒంట్లో చేరిన అదనపు నీటిని ఒత్తిడి తేడాతో లాగేది కూడా అదే. నిజానికి రక్తాన్ని శుభ్రం చేసేది ప్లాస్టిక్ గొట్టం. లక్షలు పోసి కొనే యంత్రం చేసే పని చాలావరకు కొలత, కాపలా. చవకగా చేయాలనుకునే ఇంజినీరుకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది, ఎందుకంటే కాపలా తగ్గిస్తే ధర తగ్గుతుంది, ప్రాణానికి ముప్పు పెరుగుతుంది.

నూట ఇరవై లీటర్లు

డయాలసిస్‌లో ద్రావణం నిమిషానికి దాదాపు 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది. ఒక విడత 4 గంటలు. లెక్క కడితే 120 లీటర్లు. వారానికి మూడు విడతలైతే 360 లీటర్లు. మనిషి వారమంతా తాగే నీరు 15, 20 లీటర్లకు మించదు. తాగిన నీటిని పేగులు ఏరుకుని తీసుకుంటాయి, డయాలసిస్ నీటికీ రక్తానికీ మధ్య అడ్డున్నది సన్నని పొర ఒక్కటే. తాగడానికి పనికొచ్చే నీరు డయాలసిస్‌కు పనికిరాకపోవడానికి కారణం అదే. నీటిలో అల్యూమినియం ఎక్కువుంటే మెదడుకు, ఎముకలకు చేటు. నీటి శుద్ధికి కలిపే క్లోరిన్ సమ్మేళనాలు మిగిలిపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి.

1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలసిస్ కేంద్రానికి సరిగా శుద్ధి కాని చెరువు నీరు వచ్చింది. ఆ నీటిలో నాచు లాంటి సూక్ష్మజీవులు వదిలిన విషం ఉంది. యాభై మందికి పైగా రోగులు చనిపోయారు. యంత్రాల్లో ఏ లోపమూ లేదు.

కాబట్టి డయాలసిస్ కేంద్రం అంటే ముందు నీటి ప్లాంటు. ఇసుక వడపోత, బొగ్గు వడపోత, నీటి కాఠిన్యం తగ్గించే తొట్టి, ఆపైన ఆర్.ఓ. లోపలికి వెళ్లిన నీటిలో ఒక భాగం వృథాగా బయటికి పోతుంది, అంటే తోడాల్సింది 120 లీటర్ల కంటే చాలా ఎక్కువ. నీటి మీదే అనుమానాలున్న నేలలో, వేసవిలో బోర్లు నీరసించే ఊళ్లలో ఇది చిన్న షరతు కాదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని ప్రారంభించిన రోజునే హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని 800కు పైగా గ్రామాలకు తెచ్చే పథకాన్ని కూడా ప్రారంభించారు. మొత్తం ఖర్చు సుమారు 785 కోట్ల రూపాయలు, అందులో సింహభాగం నీటిదే. ఆసుపత్రి కంటే నీళ్లకు ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టడం వింతగా కనిపించవచ్చు. ఉద్దానంలో అది సరైన నిష్పత్తే.

తరువాత కరెంటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్లతో సహా కూలాయి, కరెంటు స్తంభాలు వరసగా నేలకొరిగాయి, చాలా పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. డయాలసిస్ మీదున్న మనిషికి రెండు మూడు రోజుల ఆలస్యమే గండం. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోగలదు.

డయాలసిస్ యంత్రం ముందు నిలబడి చూస్తే రక్తాన్ని తోసే గుండ్రటి పంపు కనిపిస్తుంది. దాన్ని చేత్తో తిప్పడానికి చిన్న పిడి ఒకటి ఉంటుంది. కరెంటు పోయి బ్యాటరీ కూడా అందుకోకపోతే టెక్నీషియన్ ఆ పిడి పట్టుకుని మెల్లగా తిప్పుతూ గొట్టాల్లో చిక్కుకున్న రక్తాన్ని రోగి ఒంట్లోకి తిరిగి పంపాలి. లేకపోతే అది గడ్డకట్టి వృథా అవుతుంది. లక్షల ఖరీదు చేసే ఎలక్ట్రానిక్ యంత్రానికి చివరి భరోసా చేతి పిడి. దాన్ని తిప్పడం తెలిసిన మనిషి మూడు షిఫ్టుల్లోనూ అక్కడ ఉండాలి, ఆ జీతం కూడా చికిత్స ఖర్చులో భాగమే.

ఒక్కసారి కొనేది, రోజూ కొనేది

2016-17 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ కొన్ని లెక్కలు చెప్పారు. దేశంలో ఏటా 2.2 లక్షల మందికి కిడ్నీలు పూర్తిగా పనిచేయని స్థితి వస్తోంది. దానివల్ల ఏటా 3.4 కోట్ల డయాలసిస్ విడతలు అదనంగా అవసరమవుతున్నాయి. దేశం మొత్తం మీద ఉన్న కేంద్రాలు దాదాపు 4,950. ఒక్కో విడతకు 2,000 రూపాయలు, ఏడాదికి 3 లక్షలకు పైగా ఖర్చు. ఆ ప్రసంగంలోనే జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించి, యంత్రాల కొన్ని విడి భాగాలకు కస్టమ్స్ సుంకం మినహాయించారు.

సుంకం తగ్గితే యంత్రం ధర తగ్గుతుంది. మంచిదే. అయితే ఒక యంత్రం ఏళ్ల తరబడి రోజుకు రెండు మూడు విడతల చొప్పున వేల విడతలు చేస్తుంది. దాని ఖరీదును అన్ని విడతలకూ పంచితే ఒక్కో విడత మీద పడేది కొద్దిగానే. రోజూ కొనాల్సింది వేరే ఉంది: డయలైజరు, రక్తపు గొట్టాలు, రెండు లావుపాటి సూదులు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, ద్రావణం పొడి, నీటి శుద్ధి, కరెంటు, జీతాలు. కంపెనీలు ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టాయి. యంత్రాన్ని తక్కువకు ఇచ్చి, ఆపైన సరుకు అమ్ముకోవడం వైద్య పరికరాల వ్యాపారంలో పాత పద్ధతి. యంత్రం ధర చూసి మురిసిపోయే కొనుగోలుదారు ఐదేళ్ల సరుకు బిల్లు చూసి గుడ్లు తేలేస్తాడు.

మన దేశంలో ఈ బిల్లు తగ్గించడానికి చాలా కేంద్రాల్లో ఒక ఉపాయం ఉంది. అదే రోగికి అదే డయలైజరును మందు ద్రావణంతో కడిగి మళ్లీ వాడతారు. సరిగ్గా కడిగి, పేరు రాసి, పరీక్షించి వాడితే చెల్లుతుంది. ఏ అడుగులో తేడా వచ్చినా అంటువ్యాధి.

జాతీయ కార్యక్రమంలో ప్రభుత్వం స్థలం, నీరు, కరెంటు ఇస్తుంది. ప్రైవేటు సంస్థ యంత్రాలు, మనుషులు, సరుకు తెచ్చుకుని విడతకు ఇంత అని తీసుకుంటుంది. హైదరాబాదులో పుట్టి దేశంలోనే పెద్ద డయాలసిస్ గొలుసుగా ఎదిగిన నెఫ్రోప్లస్ లాంటి సంస్థలు ఇలా విడత లెక్కన బతకడం నేర్చుకున్నాయి. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన కమల్ షా తానే 1997 నుంచి కిడ్నీ రోగి.

శ్రీకాకుళానికి ఈ ఏర్పాటులో ప్రత్యేక స్థానముంది. 2007 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో ఇదొకటి. బిల్లు కట్టే చేయి దొరికాకే కేంద్రాలు జిల్లా లోపలికి జరిగాయి. అంతకు ముందు ఉద్దానం రోగులకు దిక్కు విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి. పలాస నుంచి సుమారు 180 కిలోమీటర్లు. ఇప్పుడు పలాస, సోంపేట, కవిటి, హరిపురం, టెక్కలిలో కేంద్రాలున్నాయి.

మొదటి ప్రశ్నకు జవాబు ఈ దూరంలోనే దాగి ఉంది. విడత ఉచితం. వారానికి రెండు మూడుసార్లు ఆటో, బస్సు, రోగితో పాటు తోడొచ్చిన మనిషి కూలి పోవడం, పథకం పరిధిలోకి రాని మందులు, మధ్యలో వచ్చిన జ్వరానికి ప్రైవేటు ఆసుపత్రి, ఇవేవీ ఏ టెండరులోనూ కనబడవు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో రోజు కూలి చేసే భార్య వారానికి మూడు రోజులు డయాలసిస్ గది బయట కూర్చుంటే ఆ ఇంటి ఆదాయం సగమైనట్టే. పరికరం ధర తగ్గించడం మీద ప్రపంచమంతా పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ దూరం తగ్గించడం మీద పెట్టినా ఇంకొన్ని జీడితోటలు అమ్ముడుపోకుండా మిగిలేవి.

బాక్స్: సాసేజి తొడుగుతో మొదలైన యంత్రం

మొదటి డయాలసిస్ యంత్రం పుట్టింది లేమిలోనే. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ పట్టణ ఆసుపత్రిలో డాక్టర్ విల్లెమ్ కోల్ఫ్ చెక్క పీపాకు సాసేజి మాంసం చుట్టే సెల్లోఫేన్ గొట్టాన్ని చుట్టి, ఉప్పు నీళ్ల తొట్టిలో తిప్పాడు. మొదట్లో చికిత్స పొందినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1945లో 67 ఏళ్ల మహిళ ఒకరు బతికి బయటపడ్డారు. కోల్ఫ్ పేటెంటు తీసుకోలేదు, యుద్ధం ముగిశాక తన యంత్రాలను ఇతర దేశాల ఆసుపత్రులకు ఉచితంగా పంపించాడు. అయినా దీర్ఘకాలిక రోగులకు డయాలసిస్ అందడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ప్రతిసారీ రక్తనాళం కోయాల్సి రావడమే అడ్డంకి. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టం కనిపెట్టాకే వారం వారం డయాలసిస్ సాధ్యమైంది.

ధర దిగిన సందర్భాలు

తెలుగు నేల మీద వైద్య సాంకేతికత ధర నిజంగా దిగిన సందర్భాలున్నాయి. ఎలా దిగిందో చూస్తే మూడు వేర్వేరు దారులు కనిపిస్తాయి.

కె.ఐ. వరప్రసాదరెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అప్పట్లో దిగుమతి హెపటైటిస్-బి టీకా ఒక్క మోతాదు ఏడు వందల రూపాయల పైమాట. 1997 ఆగస్టులో శాంతా తన శాన్‌వ్యాక్‌-బిని 50 రూపాయలకు తెచ్చింది. సాధారణ ఈస్టు బదులు పికియా అనే వేరే జాతి ఈస్టులో టీకా ప్రొటీన్‌ను పండించడం అందులో కీలకం. విదేశీ టీకాకు చవక నకలు తయారు చేయడం కాకుండా తయారీ పద్ధతినే మొదటి నుంచి వేరే దారిలో కట్టారు, ధర ఆ దారిలోనే పడిపోయింది.

రెండోది కలాం-రాజు స్టెంట్. హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు, అప్పుడు రక్షణ పరిశోధన సంస్థలో ఉన్న ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి 1998లో గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటును దేశీయంగా తయారు చేయించారు. క్షిపణుల కోసం పోగైన లోహ విజ్ఞానం గుండెకు పనికొచ్చింది. పోటీకి ఒక స్వదేశీ సరుకు వచ్చేసరికి దిగుమతి స్టెంట్ల ధర మీద కూడా ఒత్తిడి పడింది. ఇక్కడ ప్రయోగశాల అప్పటికే ప్రజల డబ్బుతో కట్టి ఉంది, కంపెనీ సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

మూడో దారి చట్టం. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది: మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసిన దానికి 29,600 రూపాయలు. రాత్రికి రాత్రి ధరలు కూలాయి. తమ కొత్త రకం స్టెంట్లను ఉపసంహరించుకుంటామని కొన్ని విదేశీ కంపెనీలు దరఖాస్తు పెట్టుకున్నాయి. కలం పోటుతో ధర దించవచ్చు గాని, కొత్త పరికరాన్ని పుట్టించడం దానివల్ల కాదు.

విశాఖలో అద్దెకు ప్రయోగశాల

శాంతా రోజుల్లో లేనిది ఒకటి ఇప్పుడుంది: కంపెనీలు అద్దెకు వాడుకోగల ప్రయోగశాల. దాని అవసరం ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. మన దేశం వాడే వైద్య పరికరాల్లో 70 శాతానికి పైగా దిగుమతులే. దానికి తెలివితక్కువతనం కారణం కాదు. ఒక యువ ఇంజినీరు క్రియాటినిన్ మీటరు తయారు చేశాడనుకుందాం. అది పక్క యంత్రాల విద్యుత్ తరంగాలకు తప్పుడు అంకె చూపకూడదు. చర్మానికి తగిలే భాగం ఒంటికి హాని చేయకూడదు. సూది ఉంటే సూక్ష్మజీవరహితంగా ఉండాలి. ఒక్కొక్కటీ రుజువు చేయాలంటే ఒక్కొక్క ప్రయోగశాల కావాలి. అలాంటి గది ఒక్కటి కట్టాలన్నా చిన్న కంపెనీ మూలధనం మొత్తం హరించుకుపోతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారానికి సమీపంలో 270 ఎకరాల్లో 2018 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఈ ముడి విప్పడానికే పుట్టింది. విద్యుత్ తరంగాల పరీక్ష, జీవ పదార్థాల పరీక్ష, గామా కిరణాలతో శుద్ధి, త్రీడీ ముద్రణ లాంటి సదుపాయాలు ఒకే ఆవరణలో ఉంటాయి, కంపెనీలు వాడుకున్నంతకు చెల్లిస్తాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు వెంటిలేటర్లు, పరీక్ష కిట్లు అక్కడి నుంచి త్వరగా బయటికి రాగలగడానికి కారణం ఈ ఉమ్మడి ఏర్పాటే.

బాక్స్: లైసెన్సు మెట్లు

వైద్య పరికరాల నిబంధనలు 2017లో వచ్చి 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ముప్పును బట్టి పరికరాలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. ఎ అంటే తక్కువ ముప్పు, డి అంటే స్టెంటు, గుండె కవాటం లాంటివి. ఎ, బి తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. అంతకు ముందు చాలా పరికరాలు ఏ లైసెన్సూ లేకుండానే అమ్ముడయ్యేవి. కొత్త నిబంధనలతో చిన్న తయారీదారుకు ఖర్చు పెరిగింది, రోగికి భద్రత కూడా పెరిగింది.

సూట్‌కేసులో డయాలసిస్

2015లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, అంతర్జాతీయ కిడ్నీ వైద్యుల సంఘాలు కలిసి లక్ష డాలర్ల పోటీ పెట్టాయి. షరతు ఇది: వెయ్యి డాలర్ల లోపు యంత్రం, రోజుకు ఐదు డాలర్ల లోపు చికిత్స. 2016లో గెలిచింది ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఉండే విన్సెంట్ గార్వీ అనే ఇంజినీరు. ఆయన రక్తపు డయాలసిస్ జోలికే పోలేదు. కడుపు లోపలి పొరనే వడపోతగా వాడే పెరిటోనియల్ డయాలసిస్‌ను ఎంచుకున్నాడు. అందులో రెండు లీటర్ల ద్రావణాన్ని సన్నని గొట్టం ద్వారా కడుపులోకి పోసి, కొన్ని గంటలుంచి, తీసేస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు, ఇంట్లోనే. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, బస్సు ఎక్కనక్కర్లేదు.

మరి అందరికీ ఇదే ఎందుకు చేయడం లేదు? సంచుల వల్ల. రోజుకు ఆరు నుంచి ఎనిమిది లీటర్ల ద్రావణం సంచుల్లో ఫ్యాక్టరీ నుంచి రావాలి. కంపెనీలు అమ్మేది, లారీలు మోసేది ఎక్కువ భాగం నీళ్లే. గార్వీ ఆలోచన ఆ మూలాన్ని పట్టుకుంది: నీటిని రోగి దగ్గరే మరిగించి, ఆవిరిని చల్లార్చి, పొడి లవణాలున్న సంచిలోకి పోసే చిన్న స్వేదన పరికరం. సూట్‌కేసులో పట్టేంత. నీళ్లను మోసే ఖర్చు పోతుంది, పొడి మాత్రం ఎంత దూరమైనా పంపవచ్చు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో దీనికోసం ఎలెన్ మెడికల్ డివైసెస్ అనే సంస్థ వెలిసింది. బహుమతికీ ఆసుపత్రికీ మధ్య ఏళ్ల తరబడి పరీక్షలున్నాయి.

థాయిలాండ్ అంత దాకా ఆగలేదు. 2008లో ప్రభుత్వ బీమా కింద ముందు పెరిటోనియల్ డయాలసిస్ అనే విధానం పెట్టి, టోకున కొని, సంచులను తపాలా శాఖ ద్వారా ఇళ్లకు పంపించింది. 2022లో రోగికి ఎంచుకునే స్వేచ్ఛనిస్తూ ఆ విధానాన్ని సడలించింది. ఉద్దానం లాంటి చోట ఈ పద్ధతికి ఒక గట్టి అభ్యంతరముంది: చేతులు, గది, గొట్టం చివర శుభ్రంగా లేకపోతే కడుపు పొరకు చీము పడుతుంది. పెంకుటింట్లో ఒక మూల శుభ్రంగా ఉంచుకోవడం నేర్పే ఆరోగ్య కార్యకర్త ఉంటే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

పట్టీకి చిక్కని జబ్బు

ఇక రెండో ప్రశ్న. ప్రపంచంలో కిడ్నీ జబ్బును వెతికే అతి చవక సాధనం మూత్రంలో ముంచే కాగితం పట్టీ. కొన్ని రూపాయలే. మూత్రంలో ప్రొటీను ఉంటే రంగు మారుతుంది. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో వడపోత గుచ్ఛాలు ముందు చెడతాయి, ప్రొటీను కారుతుంది, పట్టీ పట్టేస్తుంది. ఉద్దానం జబ్బులో ముందు దెబ్బతినేది వడపోత గుచ్ఛాల తర్వాత వచ్చే సన్న నాళాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. ప్రొటీను కారడం తక్కువ, చాలామందిలో అసలే ఉండదు. పట్టీ శుభ్రంగా ఉందని చెబుతుంది, కిడ్నీ లోపల ఎండిపోతూ ఉంటుంది. మరో దేశపు జబ్బు కోసం తయారైన చవక పరికరం ఇక్కడ చవకగా తప్పు చెబుతుంది.

అందుకని క్రియాటినిన్ చూడాలి. అది కండరాల్లో పుట్టే వ్యర్థం, కిడ్నీలు తోసేస్తాయి. ఇందులో రెండు చిక్కులు. కిడ్నీల సామర్థ్యం దాదాపు సగం తగ్గేదాకా అంకె మామూలుగానే కనిపించవచ్చు. కండ తక్కువున్న సన్నటి మనిషిలో క్రియాటినిన్ పుట్టేదే తక్కువ, కాబట్టి జబ్బున్నా అంకె బాగానే ఉన్నట్టు మోసం చేస్తుంది. అంకె నుంచి కిడ్నీ శక్తిని లెక్కగట్టే సూత్రాలు చాలావరకు పాశ్చాత్య దేశాల జనం మీద తయారైనవి, తీరప్రాంత కూలీ ఒంటికి అవి సరిగ్గా సరిపోవు.

పైగా రక్తం నరంలోంచి తీయాలి, చెడకుండా ల్యాబుకు చేర్చాలి, ఫలితం కోసం మళ్లీ రావాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉండాలి. వంద రూపాయల పరీక్ష మూడు రోజుల కూలి పనిని మింగేస్తుంది. వేలి చుక్కతో క్రియాటినిన్ చెప్పే మీటర్లు విదేశాల్లో ఉన్నాయి. ఏ మందుల షాపులోనైనా దొరికే షుగరు పట్టీలాగా అవి ఊరూరా ఎందుకు లేవు? షుగరు రోగి రోజూ కొంటాడు. క్రియాటినిన్ పట్టీని ఏ నొప్పీ లేని ఆరోగ్యవంతుడు తన డబ్బుతో కొనడు. ప్రభుత్వ బీమా విడతకు ఇంత అని డయాలసిస్‌కు చెల్లిస్తుంది, జబ్బు రాకముందు చేసిన పరీక్షకు అలా చెల్లించే ఖాతా లేదు. కొనేవాడు లేని సరుకును కంపెనీ తయారు చేయదు. పిడివాదంగా అనిపించినా చెప్పాల్సిన మాట: ఉద్దానానికి కావలసిన పరీక్ష ఇంకా చవకగా రాకపోవడానికి సైన్సు కంటే కొనుగోలు పద్ధతి ఎక్కువ కారణం.

దారి లేదా అంటే ఉంది. 2009లో దాత దేశాలు న్యుమోనియా టీకా కోసం 150 కోట్ల డాలర్లు ముందే పక్కన పెట్టి, ఇంత ధరకు తయారు చేసి ఇస్తే కొంటామని మాటిచ్చాయి. కంపెనీలు ముందుకొచ్చాయి. గోవా సంస్థ మోల్‌బయో తయారు చేసిన ట్రూనాట్ క్షయ పరీక్ష బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం. ప్రభుత్వం పెద్ద ఎత్తున కొన్నాకే అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేరింది, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. తమ తీరప్రాంతానికి ఏటా ఇన్ని లక్షల క్రియాటినిన్ పట్టీలు, ఈ ధరకు, ఇంత కచ్చితత్వంతో కావాలని రాష్ట్రం ఒక టెండరు ప్రకటిస్తే, పరీక్షించడానికి విశాఖలో ప్రయోగశాలలున్నాయి, వాడి చూడడానికి పలాసలో పరిశోధన కేంద్రం ఉంది, ఇంటింటికీ తీసుకెళ్లడానికి ఆశా కార్యకర్తలున్నారు. ఆ టెండరు ఒక్కటే లేదు.

అది వచ్చేలోగా ఉద్దానం పాఠకులు చేసుకోగల పని కొంత ఉంది. ఏడు మండలాల్లో ఉన్నా, అక్కడ పుట్టి పెరిగి హైదరాబాదుకో, గల్ఫుకో పనికి వెళ్లినా, ఏడాదికోసారి సీరం క్రియాటినిన్ చేయించండి. మూత్రం పట్టీ బాగుందని ఆగిపోవద్దు. ల్యాబు చీటీలన్నీ ఒకచోట దాచి డాక్టరుకు వరసగా చూపించండి, ఎందుకంటే ఒక్క అంకె కంటే అంకెలు పెరుగుతున్న తీరు ఎక్కువ చెబుతుంది. ఎక్కువగా వస్తే మూడు నెలలకు మళ్లీ చేయించండి. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు డాక్టరు రాయకుండా మింగకండి.